కెమెరాకి నిమ్మకాయ, మిరపకాయలు: వ్యంగ్య స్క్రీన్ ప్రింట్ వేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"బ్యాంక్సీ పోలీసు బొమ్మల్లాంటివి ఇంట్లో వేసుకోవచ్చా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. బ్యాంక్సీ అంటే తానెవరో బయటపెట్టకుండా గోడల మీద వ్యంగ్య బొమ్మలు వేసే బ్రిటిష్ కళాకారుడు. నిక్షేపంగా వేసుకోవచ్చు. మీ ఊళ్లో పెళ్లికార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఏ సామాను ఉంటుందో దీనికీ అదే కావాలి. ఫ్రేముకి బిగించిన సన్నటి గుడ్డే స్క్రీన్, దాని కన్నాల్లోంచి ఇంకుని కాగితం మీదకి దింపడమే స్క్రీన్ ప్రింటింగ్. నేను నేర్చుకున్నది కూడా అలాంటి షాపులోనే, విజయవాడలో మా బాబాయి దగ్గర.

ఇక్కడ చెప్పేది ఏ3 సైజులో, రెండు రంగుల్లో, 30 కాపీల ప్రింటు గురించి. ఉదాహరణకి నేను వేసిన బొమ్మనే తీసుకుంటాను: స్తంభం మీద సీసీ కెమెరా, దాని మెడలో దారానికి గుచ్చిన నిమ్మకాయ, మిరపకాయలు. మొదటిసారి చేసేవాళ్లకి రెండు వారాంతాలు పడుతుంది. మొదటి వారాంతం స్క్రీన్ జోలికి వెళ్లే పనే ఉండదు. అక్కడ తొందరపడినవాళ్లే తర్వాత వచ్చి "ప్రింటు బాగానే వచ్చింది గానీ ఎవరూ నవ్వట్లేదు" అంటారు.

## 1. ముందు ఆలోచన తేల్చుకోండి

మూడు ప్రింట్లు ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకోండి. మూడూ బ్యాంక్సీవే.

రూడ్ కాపర్ (2002). ఆయన అమ్మకానికి వేసిన మొదటి ప్రింటు ఇది, 250 కాపీలు. పొడుగు హెల్మెట్ పెట్టుకున్న బ్రిటిష్ కానిస్టేబులు మనకేసి మధ్యవేలు చూపిస్తుంటాడు. అంతే.

ఫ్లయింగ్ కాపర్ (2003). కవచం తొడుక్కుని, చేత్తో తుపాకీ పట్టుకున్న పోలీసు. మొహం ఉండాల్సిన చోట పసుపుపచ్చ స్మైలీ, వీపుకి దేవదూతలకుండే చిన్న రెక్కలు. ఇదే పోలీసుని పెద్ద పెద్ద అట్ట బొమ్మలుగా చేసి 2003లో లండన్‌లో జరిగిన టర్ఫ్ వార్ ప్రదర్శనలో వేలాడదీశారు.

జాక్ అండ్ జిల్ (2005). నీలాకాశం కింద ఇద్దరు పిల్లలు గంతులేస్తూ పరిగెత్తుతున్నారు. ఒంటిమీద పోలీసు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు.

ఇప్పుడు మొదటి బొమ్మలో ఆ వేలిని మీ బొటనవేలితో మూసి చూడండి. మిగిలింది పోలీసు రిక్రూట్‌మెంట్ ప్రకటనలో వేసుకోదగ్గ ఫోటో. గుండీలు, బెల్టు, నిలబడ్డ తీరు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. తేడా ఒక్కచోటే ఉంది. మూడో బొమ్మలో జాకెట్లు మూస్తే మిగిలేది పిల్లల పుస్తకంలో పేజీ. నేను దీన్ని బొటనవేలి పరీక్ష అంటాను. మీ స్కెచ్ మీద ఇదే చేయండి. ఒక్కచోట మూస్తే మిగతాదంతా మామూలు బొమ్మ అయిపోవాలి. రెండు మూడు చోట్ల మూయాల్సి వస్తోందంటే ఆలోచన ఇంకా పండలేదు. ఫ్లయింగ్ కాపర్‌లో రెండున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. నా మటుకు నాకు రెక్కలు లేకపోయినా ఆ బొమ్మ నిలబడుతుంది.

రెండో సంగతి. మన పత్రికల కార్టూన్లు చూసి పెరిగాం కాబట్టి అధికారి అనగానే పెద్ద పొట్ట, బుర్ర మీసాలు వేసేస్తాం. ఆ పద్ధతి వేరు. ఇక్కడ అధికారం ఎంత గంభీరంగా, ఎంత నిజంగా ఉంటే ఆ ఒక్క తేడా అంత గట్టిగా తగులుతుంది. పొట్ట వేశారంటే పంచ్ ముందే చెప్పేసినట్టు.

నా బొమ్మ సంగతి చెప్తాను. నిఘా మీద వేయాలనుకున్నాను. మొదట కెమెరాకి ఖాకీ టోపీ పెట్టాను. తర్వాత నల్లకళ్లద్దాలు, ఆ తర్వాత లాఠీ. ఇంట్లోవాళ్లకి చూపిస్తే "బావుంది" అన్నారు. బావుంది అన్నారంటే బాలేదని అర్థం. ఓ రోజు మా వీధి కిరాణా కొట్టు ముందు నిలబడితే, పైన కెమెరా, కింద గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు. చూపు తగలకుండా మనం గుమ్మానికి కడతాం కదా, ఆ చూసేదానికే కట్టేస్తే? టోపీ, కళ్లద్దాలు, లాఠీ అన్నీ పోయాయి. దిష్టి అన్న మాట బొమ్మలో ఎక్కడా రాయలేదు. చూసినవాళ్లే అనుకుంటారు.

మూడోది ఎవరిమీద వేస్తున్నామన్నది. ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి చలాన్ ఫోటోలు తీసే హోంగార్డు మీద వేస్తే అది వ్యంగ్యం కాదు, వెటకారం. ఆయన చేతికి ఆ కెమెరా ఇచ్చిన వ్యవస్థ మీదకి వెళ్లాలి.

తేల్చుకున్నారో లేదో చూసుకోండి:

- ఒక్క వాక్యంలో బొమ్మని ఫోన్‌లో చెప్పగలుగుతున్నారా?
- బొటనవేలి పరీక్ష నెగ్గిందా?
- అక్షరాలు తీసేసినా అర్థమవుతోందా?
- పేరున్న మనిషి కాకుండా పద్ధతి మీద, యూనిఫాం మీద, యంత్రం మీద ఉందా?
- ముగ్గురికి చూపిస్తే కనీసం ఒకరు వెంటనే నవ్వారా? వివరించాక నవ్వినవాళ్లని లెక్కలోకి తీసుకోవద్దు.

## 2. ఫోటో మీరే తీయండి

గూగుల్‌లో దొరికిన ఫోటోని నలుపు తెలుపు చేసేస్తే పనైపోతుంది అనుకోవద్దు. 2008 అమెరికా ఎన్నికలప్పుడు షెపర్డ్ ఫేరీ వేసిన ఒబామా "హోప్" పోస్టరుకి ఆధారం అసోసియేటెడ్ ప్రెస్ వారి ఫోటో. కేసు అయింది, 2011లో రాజీ అయింది. ఏ ఫోటో వాడాడన్న విషయంలో సాక్ష్యాలు దాచినందుకు 2012లో ఆయనకి విడిగా శిక్ష కూడా పడింది. అంత పేరున్న కళాకారుడికే తప్పలేదు. ఫోన్ కెమెరా చేతిలో ఉండగా మనకెందుకు ఆ టెన్షన్.

స్టెన్సిల్ లుక్ (అట్టలో బొమ్మ కోసి, దానిమీద రంగు కొట్టినట్టు కనిపించడం) కోసం తీసే ఫోటోకి కొన్ని లెక్కలున్నాయి.

- వస్తువు వెనక ఆకాశమో, సున్నం గోడో ఉండాలి. వెనక చెట్లుంటే కంప్యూటర్ ముందు మీ ఆదివారం పోయినట్టే.
- వెలుగు ఒక పక్కనుంచే పడాలి. ఉదయం ఎనిమిదికో, సాయంత్రం నాలుగు తర్వాతో తీయండి. మిట్టమధ్యాహ్నం నీడలన్నీ కిందికే పడి బొమ్మ చదునుగా వస్తుంది.
- కెమెరా, స్తంభం లాంటివి కిందనుంచి పైకి తీయండి. పైనుంచి మనల్ని చూస్తున్నట్టు రావాలి.
- నిమ్మకాయ, మిరపకాయల దండ విడిగా, తెల్ల కాగితం ముందు వేలాడదీసి, అదే వైపు వెలుగులో తీయండి. రెండు ఫోటోల్లో వెలుగు వేర్వేరు వైపుల నుంచి ఉంటే, ఎంత బాగా అతికించినా అతుకు కనిపిస్తుంది.

చట్టం గురించి రెండు ముక్కలు. నాలుగు సింహాల రాజముద్రకి 2005 చట్టం, జాతీయ జెండాకి 1971 చట్టం ఉన్నాయి. ఫోటోలో టోపీ బ్యాడ్జీ మీద రాజముద్ర పడితే చెరిపేయండి. 2012లో కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని అరెస్టు చేసిన వ్యవహారంలో వివాదమైన కార్టూన్లలో ఒకటి సింహాల చోట తోడేళ్లు వేసినది. ఆ దారిలో వెళ్తే ఏమవుతుందో తెలిసి వెళ్లాలి. ప్రింటుని గోడలకి అంటించాలని ఉంటే ఆ గోడ యజమానిని అడగండి. మెట్రో పిల్లర్లు, ఫ్లైఓవర్ల జోలికి వెళ్లొద్దు.

## 3. పాజిటివ్ తయారు చేయడం

పాజిటివ్ అంటే స్క్రీన్ మీదకి బొమ్మ ఎక్కించడానికి వాడే పారదర్శక కాగితం. ప్రింటు నాణ్యతలో సగం ఇక్కడే తేలిపోతుంది.

కంప్యూటర్లో బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్ గానీ క్రిటా గానీ, రెండూ ఉచితమే, తెరిచి ఇలా చేయండి.

1. ఏ3 సైజు, 300 డీపీఐ కాన్వాస్ తీసుకోండి. బొమ్మ 25 × 34 సెంటీమీటర్లలో ఇమడాలి. చుట్టూ తెల్ల అంచు మిగలాలి.
2. ఫోటోని గ్రే చేసి, త్రెషోల్డ్ నొక్కండి. మీరు పెట్టిన విలువ దగ్గర బూడిద రంగులన్నిటినీ అయితే నలుపు, లేకపోతే తెలుపు చేసేస్తుంది. మొత్తం బొమ్మకి ఒకే విలువ పెట్టొద్దు. లెన్సుకి ఒకటి, స్తంభానికి ఒకటి, వైర్లకి ఒకటి, విడివిడిగా చేసి కలపండి.
3. చుక్కలు, నూగు మిగులుతాయి. చేత్తో చెరపండి. అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉన్న తెల్ల గీతలు ఇంకులో పూడిపోతాయి. వాటిని లావు చేయండి లేదా తీసేయండి.
4. రంగుకో లేయర్. నలుపులో కెమెరా, స్తంభం, దారం, మిరపకాయలు. పసుపులో నిమ్మకాయ ఒక్కటే. మిరపకాయలకి మూడో స్క్రీన్ కట్టే ఓపిక లేక నలుపులో వేశాను. ఎండిపోయాయి అనుకుంటారులెండి.
5. నిమ్మకాయ పసుపుని నలుపు గీత కిందికి ఒక మిల్లీమీటరు పొడిగించండి. ముద్రలో కాస్త అటూ ఇటూ అయినా మధ్యలో తెల్ల సందు కనిపించదు.
6. రెండు లేయర్లకీ నాలుగు మూలలా ఒకేచోట కూడిక గుర్తులు పెట్టండి.

బొమ్మలో తెలుగు అక్షరాలు ఉంటే ఇక్కడ ఆగండి. అట్టముక్క కోసి స్ప్రే చేసే స్టెన్సిల్‌లో మన లిపి చుక్కలు చూపిస్తుంది. "నిఘా నీడలో" అని రాశారనుకోండి. ని మీద గుడి చుట్టుకున్న చోట, డ, ల గుండ్రాల్లో, లోపలి ముక్క నిలబడదు, ఊడి కింద పడుతుంది. సున్న వస్తే అది సున్నగా కాక నల్ల ఉండలా వస్తుంది. ప్రతి గుండ్రానికీ చిన్న వంతెన వదలాలి. స్క్రీన్‌లో ఆ బాధ లేదు, లోపలి ముక్కని గుడ్డ పట్టుకుంటుంది. అయినా నేను వంతెనలు వదులుతాను, గోడమీద కొట్టినట్టు కనిపించడానికి. కాకపోతే అక్షరం మరీ చిన్నదైతే స్క్రీన్‌లోనూ గుండ్రాలు పూడిపోతాయి. 24 పాయింట్లకి తక్కువ పెట్టొద్దు, వత్తులున్న మాటలకి ఇంకా పెద్దది పెట్టండి.

తర్వాత లేజర్ ప్రింటర్లో ట్రేసింగ్ పేపరు మీదో, ఫిల్మ్ మీదో తీయించండి. జిరాక్స్ షాపులో "ఫుల్ డార్క్" అని చెప్పండి. ఇచ్చాక అక్కడే ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూడండి. నల్లటి భాగంలోంచి ట్యూబ్ ఆకారం కనిపిస్తే పనికిరాదు. అలాంటప్పుడు రెండు కాపీలు తీయించి, గుర్తులు కలిపి, ఒకదానిమీద ఒకటి టేపు వేసేయండి.

## 4. సామాను

- ఫ్రేములు రెండు, లోపలి కొలత 40 × 55 సెం.మీ. చెక్కవైనా ఫర్వాలేదు, అల్యూమినియమైతే వంగవు.
- మెష్ గుడ్డ: సెంటీమీటరుకి 90 నుంచి 120 దారాలున్నది. టీషర్టులకి వాడే ముతక గుడ్డ కాగితానికి వద్దు, ఇంకు వరదలా దిగుతుంది. షాపువాళ్లే బిగించి ఇస్తారు. వేలితో మీటితే డప్పులా మోగాలి.
- డయాజో రకం ఫోటో ఎమల్షన్, అంటే వెలుగు తగిలితే గట్టిపడే పూత. చాలా షాపుల్లో ఇప్పటికీ బైక్రోమేట్ కలిపేది ఇస్తారు. చవకే. కానీ అది విషం, క్యాన్సర్ కారకం. ఇంట్లో పిల్లలున్నచోట అసలు వద్దు.
- ఎమల్షన్ పూసే తొట్టి, దాన్ని స్కూప్ కోటర్ అంటారు.
- స్క్వీజీ, అంటే ఇంకు లాగే రబ్బరు పట్టీ: బొమ్మ వెడల్పుకన్నా 4 సెం.మీ. ఎక్కువ పొడుగు, అంచు నలగకుండా పదునుగా ఉన్నది.
- నీళ్లతో కడిగే ఇంకు: నలుపు, పసుపు. దానికి రిటార్డర్, అంటే ఇంకు త్వరగా ఎండకుండా కలిపేది.
- కాగితం: 250 నుంచి 300 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత), మెరుపు లేనిది. 30 కాపీలకి 40 షీట్లు కోయించండి. కక్కుర్తిపడి 32 కోయిస్తే మధ్యలో ఏడుస్తారు.
- హింజ్ క్లాంపులు (స్క్రీన్‌ని తలుపులా ఎత్తి దించడానికి) రెండు, టేపు, పాత అట్టలు, పాత పేపర్లు, గుడ్డ పేలికలు, బట్టలారేసే తాడు, క్లిప్పులు.

## 5. ఎమల్షన్ పూయడం

స్క్రీన్‌ని ముందు డిష్‌వాష్ లిక్విడ్‌తో రెండువైపులా కడగండి. జిడ్డు ఉంటే ఎమల్షన్ అక్కడక్కడా పట్టదు. ఆరాక పసుపు బల్బు వెలిగే గదిలోకి తీసుకెళ్లండి. కిటికీలకి దుప్పటి కట్టాల్సిందే.

ఫ్రేముని గోడకి ఏటవాలుగా ఆనించి, తొట్టి అంచుని గుడ్డకి ఆనించి, ఒకే ఊపులో కిందనుంచి పైకి లాగండి. బయటివైపు, అంటే కాగితాన్ని తాకే వైపు, ఒకసారి. తిప్పి లోపలివైపు ఒకసారి. చాలు. మందంగా ఉంటే గట్టిగా ఉంటుందని మూడోసారి పూస్తారు, అది కడిగేటప్పుడు తెరుచుకోదు.

బయటివైపు కిందికి ఉండేలా, చదునుగా పెట్టి, చీకట్లో ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండాకాలం గంటన్నర, వానాకాలం రాత్రంతా. వేలికి చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. తడి స్క్రీన్‌ని ఎక్స్‌పోజ్ చేస్తే (వెలుగు చూపిస్తే) మొత్తం ఊడి మోరీలోకి పోతుంది.

## 6. ఎక్స్‌పోజర్: అందరూ చేతులెత్తేసే చోటు

ఎమల్షన్‌కి వెలుగు తగిలినచోట గట్టిపడుతుంది. నలుపు అడ్డున్నచోట మెత్తగా ఉండి నీళ్లకి కరిగిపోతుంది. ఎంతసేపు అన్నదే ప్రశ్న. నా టైం మీకు పనికిరాదు, మీది నాకు పనికిరాదు. లైటు, ఎత్తు, ఎమల్షన్, పూత మందం అన్నీ మారతాయి. అందుకని పరీక్ష ముక్క వేయాల్సిందే.

1. చిన్న స్క్రీన్ మీద ఎమల్షన్ పూసి ఆరబెట్టండి.
2. సన్నగీతలు, చిన్న అక్షరాలు ఉన్న పాజిటివ్ ముక్క దానిమీద పొడుగునా పెట్టండి.
3. అట్టముక్కతో ఆరింట ఐదొంతులు మూయండి. ఒక నిమిషం వెలుగు ఇవ్వండి.
4. అట్టని ఒక వంతు జరపండి. ఇంకో నిమిషం. ఇలా ఆరుసార్లు.
5. మొదటి పట్టీకి ఆరు నిమిషాలు, చివరిదానికి ఒక్క నిమిషం పడినట్టు.

కడిగి చూడండి. గట్టిపడాల్సిన చోట కూడా వేలికి జిగురుగా తగులుతూ రంగు వదులుతోంటే ఆ పట్టీకి వెలుగు చాలలేదు. గీతలు ఎంత కడిగినా తెరుచుకోకపోతే ఎక్కువైంది. జిగురు లేకుండా, గీతలు తెరుచుకున్న పట్టీల్లో తక్కువ టైం ఉన్నది మీది. 50 వాట్ల యూవీ ఫ్లడ్ లైట్ 40 సెం.మీ. ఎత్తులో పెడితే నాకు నాలుగు నిమిషాలు వచ్చింది. ఆ టైం రాసిన కాగితం గోడకి అంటించే ఉంది. ఎండలో పెట్టి కూడా చేయొచ్చు గానీ మన మే నెల ఎండలో కొన్ని సెకన్ల తేడాకే తలకిందులవుతుంది. బాబాయి ఆకాశం కేసి చూసి అంకెలు లెక్కపెట్టేవాడు. నాకు ఆ విద్య అబ్బలేదు.

అసలు స్క్రీన్‌కి, లైటు పైనుంచి ఉన్నప్పుడు, వరస ఇది: కింద ఫ్రేములోకి సరిపోయే స్పాంజి, దానిమీద నల్లగుడ్డ. స్క్రీన్ బయటివైపు పైకి. దానిమీద పాజిటివ్, టోనర్ వైపు (నలుపు అచ్చు పడ్డ వైపు) కిందికి. ఆపైన కిటికీకి వాడేలాంటి మామూలు గాజు అద్దం. ఇప్పుడు పైనుంచి చూస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించాలి. తిరగబడితేనే సరి. చక్కగా చదవగలిగేలా పెట్టి, ముప్పై కాపీల తిరగబడ్డ తెలుగు వేసిన ఘనత నాది. ఆ పాత ప్రింట్ల వెనకవైపు ఇప్పటికీ లెక్కలు రాసుకుంటున్నాను.

అద్దం కింద పాజిటివ్‌కి, స్క్రీన్‌కి మధ్య గాలి ఉండకూడదు. అంచులు మసకగా వచ్చాయంటే కారణం అదే. స్పాంజి ఇంకాస్త ఎత్తు పెంచి, అద్దం నాలుగు పక్కలా బరువు పెట్టండి, బొమ్మ మీద పడకుండా.

కడిగేటప్పుడు రెండువైపులా నీళ్లు చల్లి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత మెల్లగా స్ప్రే చేయండి. ఆరాక వెలుగుకి ఎత్తి చూస్తే సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి. సన్నబ్రష్షుతో ఎమల్షన్ అద్ది, మళ్లీ ఎండ చూపించండి.

## 7. టేబుల్ సర్దుకోవడం

స్క్రీన్‌ని హింజ్ క్లాంపులతో టేబుల్‌కి బిగించండి. స్క్రీన్, కాగితం అంటుకుని ఉండకూడదు. రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత ఎత్తు సందు ఉండాలి, అంటే 3 మిల్లీమీటర్లు. నేను నిజంగానే బిళ్ళలు టేపు వేసి ఫ్రేముకి అంటిస్తాను.

కాగితం ప్రతిసారీ ఒకేచోట కూర్చోవాలి. అందుకు మూడు అట్టముక్కలు చాలు: పొడుగు అంచుకి రెండు, పొట్టి అంచుకి ఒకటి. ఏ కాగితాన్నయినా ముందు ఆ రెండింటికి, తర్వాత మూడోదానికి తాకించండి. రెండో రంగుకీ అదే మూల, అదే వరస.

రెండో రంగు కలపడానికి టేబుల్ మీద ఒక పలచటి ప్లాస్టిక్ షీటు ఒక పక్క మాత్రమే టేపు వేసి ఉంచండి. దానిమీద నలుపు ముద్ర వేయండి. ఇప్పుడు పసుపు పడ్డ కాగితాన్ని షీటు కిందికి తోసి, నిమ్మకాయ గీతలోకి వచ్చేదాకా జరపండి. అక్కడ అట్టముక్కలు అతికించి, షీటు తీసేయండి. ఐదు నిమిషాల పని. దీన్ని ఎగ్గొట్టి కంటికొలతతో చేసినవాళ్ల నిమ్మకాయ స్తంభం పక్కకి పోతుంది.

ఇంకు పోసేముందు:

- ఫ్రేము లోపలి అంచుల చుట్టూ టేపు వేశారా?
- కాగితాలు ముందురోజు రాత్రి నుంచి అదే గదిలో ఉన్నాయా? తేమకి కాగితం సాగుతుంది, వానాకాలం మరీను.
- తాడు కట్టి, క్లిప్పులు పెట్టారా?
- ఇంకు చేతులతో కాగితం పట్టుకోకుండా ఇంకో మనిషి ఉన్నారా?

## 8. ముద్ర వేయడం

లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. పసుపు ముందు.

ఇంకులో పదోవంతు లోపే రిటార్డర్ కలపండి. స్క్రీన్ కొంచెం ఎత్తి పట్టుకుని, నొక్కకుండా, స్క్వీజీతో ఇంకుని బొమ్మ మీదుగా పరచండి. గుడ్డ కన్నాలు నిండుతాయి. ఇప్పుడు స్క్రీన్ దించి, స్క్వీజీని కొంచెం వాల్చి, రెండు చేతులా సమానంగా నొక్కుతూ మీవైపు ఒక్క లాగు లాగండి. మధ్యలో ఆగొద్దు. స్క్రీన్ ఎత్తి, వెంటనే మళ్లీ ఇంకు పరచండి. అలా పరిచి ఉంచితేనే కన్నాల్లో ఇంకు ఎండదు.

మొదటి ఐదారు పాత పేపర్ల మీద వేయండి. స్క్రీన్‌కి ఊపు వచ్చాకే మంచి కాగితం. ఫ్యాన్ ఆపేయండి. చెమట పడుతుంది, తప్పదు. ఒకసారి ఫ్యాన్ వేసుకుని చేస్తే పదకొండో కాపీకి లెన్సు మధ్యలో గీతలు మాయమయ్యాయి.

ఆదివారం పొద్దున పసుపు, మధ్యాహ్నం నలుపు. ఒక్కరోజులో అయిపోవాలి. రోజు మారితే కాగితం కొలత మారుతుంది.

## 9. ఏం తప్పు జరిగింది, ఏం చేయాలి

అంచులు పాకి, బొమ్మ ఉబ్బింది. ఇంకు పలచన లేదా గట్టిగా నొక్కుతున్నారు. స్క్రీన్ కింద అంటిన ఇంకు తుడిచి, రెండు పాత పేపర్ల మీద ఇంకు పరచకుండా లాగి, మళ్లీ మొదలుపెట్టండి.

నల్లటి పెద్ద భాగంలో మచ్చలుగా తెలుపు. నొక్కు చాల్లేదు, లేదా టేబుల్ చదునుగా లేదు. కాగితం కింద ఒక పాత పేపరు వేసి చూడండి. చాలాసార్లు తప్పు టేబుల్‌దే.

బొమ్మ రెండుసార్లు పడినట్టు నీడ. లాగేటప్పుడు కాగితం కదిలింది. కాగితం వెనక చిన్న టేపు చుట్ట పెట్టండి.

గీతలు పూడిపోయాయి. ఇంకు ఎండింది. తడి స్పాంజితో కింద తుడిచి, తడి పూర్తిగా ఆరాక కొనసాగించండి. వేడినీళ్లు వద్దు.

కాగితం స్క్రీన్‌కి అంటుకుని లేస్తోంది. బిళ్ళలు పడిపోయాయేమో చూడండి.

అన్నీ సరిగ్గా వచ్చాయి, కానీ మరీ శుభ్రంగా ఉంది. ఇదీ ఒక లోపమే, పెళ్లికార్డు అనుభవం ఉన్నవాళ్లకి ఎక్కువ వస్తుంది. పాజిటివ్‌లోనే స్ప్రే జారినట్టు ఒకటి రెండు చారలు, అంచుల్లో పొడిచుక్కలు కలపండి. నిజంగా గోడమీద స్ప్రే కొట్టి, ఫోటో తీసి వాడితే ఇంకా బాగుంటుంది. కంప్యూటర్ బ్రష్షు చారలు చూడగానే దొరికిపోతాయి.

## 10. నంబరు, సంతకం, కడగడం

పూర్తిగా ఆరాక, ఒకదానిపక్కన ఒకటి పరిచి, మొహమాటం లేకుండా ఏరండి. నాకు 40లో 33 బతికాయి. 30 నంబర్లు వేసి, మూడు నా దగ్గర ప్రూఫులుగా ఉంచుకున్నాను.

పెన్సిలుతోనే రాయండి. ఎడమ అంచున నంబరు, 7/30 అని. మధ్యలో పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం. సంతకం వద్దనుకుంటే మానేయండి. బ్యాంక్సీ ప్రింట్లలో కూడా సంతకం లేని కాపీలే ఎక్కువ వచ్చాయి. కానీ నంబరు మాత్రం తప్పకుండా ఉండాలి.

30 అని రాశారంటే 31వది వేయకూడదు. కాబట్టి స్క్రీన్ కడిగేయండి. ముందు ఇంకుని చన్నీళ్లతో వెంటనే కడగాలి. తర్వాత స్టెన్సిల్ రిమూవర్ (గట్టిపడ్డ ఎమల్షన్‌ని వదిలించే మందు) రెండువైపులా రాసి, రెండు నిమిషాలు ఆగి, గట్టి స్ప్రేతో కొట్టండి. చేతికి గ్లోవ్స్ ఉండాలి. ఈలోగా ఫోన్ వచ్చిందని పక్కకి వెళ్లొద్దు. రిమూవర్ స్క్రీన్ మీదే ఎండితే ఎమల్షన్ ఇక జన్మలో వదలదు. నా పసుపు స్క్రీన్‌లో నిమ్మకాయ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని గుమ్మం పక్కన మేకుకి తగిలించాం.